గొట్టం నంబరు కూడా చదవరా

మొన్న రాత్రి నిద్ర పట్టక ఫోన్ తిప్పుతుంటే ఒక వీడియో కనిపించింది. ఎక్కడిదో తెలియదు, భాష కూడా అర్థం కాలేదు. నేల మీద వరసగా తుపాకులు పరిచారు, వాటి మీదుగా రోడ్డు రోలర్ మెల్లగా వెళ్తోంది, పక్కన యూనిఫాంలో పెద్ద ఆఫీసర్లు నిలబడి చూస్తున్నారు. కింద కామెంట్ల నిండా చప్పట్లు. నేను మాత్రం వీడియో ఆపి, రెండు వేళ్ళతో పెద్దది చేసి చూశాను. గొట్టాలు వంగాయి, నిజమే. కర్ర పగిలింది. కానీ బాడీలు, అంటే మిగతా భాగాలన్నీ బిగించుకునే మధ్య భాగాలు, చాలావరకు అలాగే ఉన్నాయి, గుండుని లోపలికి తోసి మూసే బోల్టులకైతే దెబ్బే తగల్లేదు. "ఇందులో సగం చావలేదు" అన్నాను పైకే. పక్కగదిలోంచి మా ఆవిడ "ఎవరు చావలేదు?" అని కేకేసింది.

ఏం చెప్పను. పందొమ్మిదేళ్ళు ఆ పని చేసినవాడికి ఇలాంటి వీడియో కనిపిస్తే, వంటమనిషి పెళ్ళిభోజనానికి వెళ్ళినట్టే, తిన్నంతసేపూ తప్పులు పట్టడమే.

నేను పనిచేసింది స్క్రాప్ కరిగించే ఫౌండ్రీలో. రోజూ వచ్చేది మామూలు ఇనుమే, విరిగిన షాఫ్టులు, అరిగిన గేర్లు, తుప్పు పట్టిన పైపులు. ఏడాదికి మూడు నాలుగు సార్లు మాత్రం గేటు మూయించేవాళ్ళు, లోడింగ్ వాళ్ళందర్నీ ఇంటికి పంపేవాళ్ళు, సీలు వేసిన పెట్టెలతో ఒక వ్యాన్ రివర్స్‌లో వచ్చి ఫర్నేస్ షెడ్డు ముందు ఆగేది. కేసుల్లో జప్తు చేసినవి, లొంగిపోయినవాళ్ళు అప్పగించినవి, లైసెన్సు వద్దనుకుని ఇచ్చేసినవి, అన్నీ కలిపి. ఆ రోజుని మేం "లెక్క రోజు" అనేవాళ్ళం. తుపాకి అన్న మాట మా నోట్లోంచి వచ్చేదే కాదు. ఇంటికి ఫోన్ చేసినా "రేపు లెక్కుంది, లేటవుతుంది" అంతే.

లెక్క మొత్తం పెద్దాయనది. ప్రాపర్టీ గది చూసుకునే గుమాస్తా ఆయన. ఆయన పై ఆఫీసర్లు మారిపోయేవాళ్ళు గానీ ఆయన మాత్రం మారేవాడు కాదు. కళ్ళజోడుకి నల్లతాడు, జేబులో ఎర్ర పెన్ను, చేతిలో చెక్క స్కేలు. రిజిస్టర్లో చదివే లైను కింద స్కేలు పెట్టుకునేవాడు, చూపు పక్క లైనులోకి జారకుండా. నా పని, పెట్టెలోంచి ఒక్కొక్కటీ తీసి బాడీ మీద నంబరు గట్టిగా చదవడం. ఆయన అదే నంబరు తిరిగి చదివేవాడు. నేను మళ్ళీ చూసుకుని "కరెక్ట్" అనాలి. అప్పుడు టిక్కు. టిక్కు పడ్డాకే దాని మీద సుద్దముక్కతో వరస నంబరు వేసి మేస్త్రికి ఇచ్చేవాణ్ణి. మధ్యలో ఎవరైనా మాట్లాడితే మళ్ళీ మొదటి నుంచి. ఒకసారి ఒక పెద్ద ఆఫీసరే "ఇంకా ఎంతసేపు?" అని అడిగితే పెద్దాయన తలెత్తకుండా "ఇప్పుడు ఇంకో నిమిషం ఎక్కువైంది సార్" అన్నాడు.

మొదట్లో నాకు ఈ తతంగం అంతా చాదస్తంలా ఉండేది. మరిగే ఫర్నేస్ పక్కనే ఉంది, పదహారు వందల డిగ్రీల దాకా వెళ్తుంది, అందులో వేస్తే ఏదైనా కరగాల్సిందే, మరి ఈ చదువులెందుకు? మేస్త్రినే అడిగాను. ఆయన బీడీ ఆర్పి, "ఒరేయ్, కరిగిపోయాక నువ్వు నాకు ఏం చూపిస్తావు?" అన్నాడు. అర్థం కావడానికి నాకు రెండు మూడేళ్ళు పట్టింది. దొంగతనం జరిగేది ఫర్నేస్ దగ్గర కాదు, ఫర్నేస్ దాకా వచ్చే దారిలో. "నాశనం చేశాం" అని కాగితం మీద ఉండి, చేతికి చిక్కకుండా తిరిగే తుపాకిని మించిన తుపాకి ఉండదు, దాన్ని ఎవరూ వెతకరు కదా.

కోత గురించి చెప్పాలి. బయటివాళ్ళు గొట్టం కోసేస్తే తుపాకి పోయినట్టే అనుకుంటారు. గొట్టం మారిస్తే సరి, మళ్ళీ బతుకుతుంది. అసలు ప్రాణం బాడీలో, బోల్టులో, గుండు కూర్చునే ఛాంబర్లో ఉంటుంది. అందుకని మేస్త్రి మూడు చోట్ల తక్కువ కాకుండా కోసేవాడు, అదీ అడ్డంగా కాకుండా ఏటవాలుగా, సన్నటి గీతలా కాకుండా మధ్యలో కాస్త లోహం కరిగి పోయేలా. నీటుగా కోస్తే నీటుగా వెల్డింగ్ చేసుకుంటారు అనేవాడు. మిగతా స్క్రాప్‌కి ఎంత అందంగా కోస్తాడో, లెక్క రోజున అంత వికారంగా కోసేవాడు. ఆ వికారంలోనే ఆయన పనితనం కనిపించేది.

గ్యాస్ కటింగ్ అన్నిటికీ పనికిరాదు. మామూలు స్టీలైతే ఎర్రగా కాగగానే ఆక్సిజన్ వదిలితే వెన్నలా తెగుతుంది. స్టెయిన్‌లెస్ స్టీలు, అల్యూమినియం మాత్రం ఆ మంటకి లొంగవు, కోత ముందుకి సాగదు, కటింగ్ వీల్ అనే తిరిగే చక్రం పెట్టాల్సిందే. చవకరకం పిస్టళ్ళు కొన్ని జింకు కలిసిన లోహంతో పోతపోసి ఉంటాయి. అవి నాలుగు వందల డిగ్రీలు దాటకుండానే జారిపోయి, తెల్లటి పొగ లేపేవి. ఆ పొగ పీల్చి నేను ఒక రాత్రంతా చలిజ్వరంతో వణికాను, పొద్దున్నకి ఏమీ లేనట్టు తగ్గిపోయింది. వెల్డింగ్ చేసేవాళ్ళందరికీ ఆ జ్వరం తెలుసు. నాకు ఎవరూ ముందు చెప్పలేదు, మర్నాడు వచ్చాక మాత్రం అందరూ నవ్వారు.

అప్పగించినవీ జప్తు చేసినవీ చూడగానే తేడా తెలిసేది. జప్తు చేసినవి మట్టితో, తుప్పుతో, తాడు కట్టిన చీటీతో వచ్చేవి. నాటు తుపాకులైతే నీళ్ళ పైపు ఒకటి, ఒక మేకు, ఒక స్ప్రింగు, అంతే. పేల్చేవాడికే ఎక్కువ ప్రమాదం అనిపించేలా ఉండేవి కొన్ని. తమంతట తాము అప్పగించినవి మాత్రం శుభ్రంగా తుడిచి, నూనె పూసి, పాత దుప్పటిలో చుట్టి వచ్చేవి. రెండు గొట్టాల డబుల్ బ్యారెల్ ఒకటి నాకు బాగా గుర్తు. బాడీ రెండు పక్కలా వెంట్రుకంత సన్నటి గీతలతో ఎగిరే బాతులు చెక్కి ఉన్నాయి, ఒక్కో ఈకా విడిగా కనిపించేది. భుజానికి ఆనించే మడమ కర్ర అక్రోటు చెట్టుది, ముక్కు దగ్గర పెట్టుకుంటే అవిసె నూనె వాసన. మేస్త్రి దాన్ని చేతిలోకి తీసుకుని అటూ ఇటూ తిప్పాడు, కింద పెట్టాడు, వేరేది తీసుకున్నాడు. మళ్ళీ తీశాడు, మళ్ళీ పెట్టాడు. పెద్దాయన రిజిస్టర్లోంచి చూపు తిప్పకుండానే "బొమ్మలు చూడకు, నంబరు చూడు" అన్నాడు. మేస్త్రి సరిగ్గా బాతుల మధ్యలోంచి కోశాడు. ఇలాంటివి మ్యూజియంకి ఇవ్వొచ్చు కదా అని ఇప్పటికీ అనిపిస్తుంది, ఇస్తారు కూడా కొన్ని చోట్ల. కానీ ఒకదాన్ని పక్కన పెట్టడం మొదలుపెడితే రెండోదాన్ని ఎవరు పక్కన పెడతారు, ఎవరికోసం పెడతారు అన్నది పెద్దాయన ప్రశ్న. దానికి నా దగ్గర ఈనాటికీ జవాబు లేదు.

ఆ తుపాకి యజమాని ముసలాయన, కోసేటప్పుడు చూస్తానని వచ్చాడు. లోపలికి రానివ్వలేదు. సైరన్ మోగేదాకా గేటు బయటే నిలబడి వెళ్ళిపోయాడు.

మాకు అసలు భయం లోపల గుండు మిగిలిపోయి ఉంటుందేమోనని. పంపేవాళ్ళు ఖాళీ చేశాం అని రాసి పంపేవాళ్ళు, మేం నమ్మేవాళ్ళం కాదు. పాత నాటు తుపాకిలో మూతి నుంచి మందు కూరి వదిలేస్తే అది ఏళ్ళ తరబడి అలాగే ఉంటుంది, నల్ల తుపాకిమందు పొడిగా ఉంటే ముసలిదవదు. అందుకని ఒక చెక్క కడ్డీ ఉండేది మా దగ్గర. దాన్ని గొట్టంలోకి చివరిదాకా దించి, మూతి దగ్గర బొటనవేలు పెట్టి పట్టుకుని, బయటికి తీసి గొట్టం పక్కన పెట్టి చూడాలి. కడ్డీ గొట్టం చివరిదాకా వస్తే ఖాళీ. నాలుగు వేళ్ళు తక్కువొస్తే లోపల ఏదో ఉన్నట్టు. అలా తక్కువొచ్చినవాటిని నీళ్ళ తొట్టిలో ముంచి రాత్రంతా ఉంచేవాళ్ళం. తమాషా ఏమిటంటే మందుకి నీళ్ళే విరుగుడు, ఫర్నేస్‌కి నీళ్ళే శత్రువు. కరిగిన ఇనుములో చెంచాడు నీళ్ళు పడినా క్షణంలో ఆవిరై, పైనున్న లోహాన్ని చిమ్మేస్తుంది. అందుకే తొట్టిలోంచి తీసినవాటిని ఫర్నేస్ పక్కన వేడి ప్లేటు మీద ఆరబెట్టి, పట్టుకుంటే చెయ్యి కాలేదాకా ఆగేవాళ్ళం.

రోలర్ మీద నా కోపం కూడా ఇక్కడిదే. ఒకసారి పై నుంచి ఆర్డరొచ్చింది, ముందు రోలర్‌తో తొక్కించి ఫోటోలు తీసి తర్వాత ఫర్నేస్‌కి పంపమని. తొక్కించారు. తర్వాత రెండు రోజులు వాన. రోలర్ కింద పడ్డ గొట్టాలు కొన్ని రెండు చివర్లా నొక్కుకుపోయి మూతలు పడ్డట్టయ్యాయి, మధ్యలో వాన నీళ్ళు. పైకి చూస్తే పొడిగానే ఉన్నాయి. మొదటి బకెట్ వెయ్యగానే ఢామ్మని ఒక్క చప్పుడు, నిప్పుల గుత్తి షెడ్డు కప్పు దాకా లేచింది. మేస్త్రి కుడి మోచేతి మీద అరచేయంత మచ్చ అప్పటిదే. ఆ తర్వాత నుంచి ఆయన ఎవరి ఆర్డరూ వినలేదు. "ఫోటోకి రోలర్, పనికి కొలిమి. ఫోటో కావాలంటే కోసిన ముక్కల మీద తొక్కించుకోండి" అనేవాడు.

ఆ రోజుల్లోనే ఒక నోట్‌బుక్‌లో పేపర్ కటింగ్‌లు అంటించడం మొదలుపెట్టాను. ప్రపంచంలో ఎక్కడ తుపాకులు నాశనం చేసిన వార్త వచ్చినా కత్తిరించేవాణ్ణి, సినిమావాళ్ళ బొమ్మలు దాచుకున్నట్టు. తర్వాత నెట్ వచ్చాక చదివి రాసుకునేవాణ్ణి. మాలి దేశంలో టింబక్టు అనే ఊళ్ళో 1996 మార్చి 27న, తిరుగుబాటు చేసినవాళ్ళు అప్పగించిన తుపాకులు దాదాపు 3,000 గుట్టగా పోసి, దేశాధ్యక్షుడు అల్ఫా ఉమర్ కొనారే చేత్తో నిప్పు పెట్టించారు. శాంతి జ్వాల అని పేరు. కాలగా మిగిలినవి సిమెంటులో పొదిగి అక్కడే స్మారకం కట్టారు. ఆ వార్త మేస్త్రికి చదివి వినిపిస్తే "బయట మంటకి కర్ర కాలుతుంది, స్ప్రింగు మెత్తబడుతుంది, స్టీలు కరగదు కదరా" అన్నాడు. కాసేపాగి, "సిమెంటులో పెట్టారా? అయితే తెలివైనవాళ్ళే" అన్నాడు.

ఆస్ట్రేలియా సంగతి నా నోట్‌బుక్‌లో మూడు పేజీలుంది. 1996 ఏప్రిల్ 28న పోర్ట్ ఆర్థర్‌లో ఒకే ఒక్కడు 35 మందిని కాల్చి చంపాడు. పన్నెండు రోజుల్లో ప్రధాని జాన్ హోవార్డ్ రాష్ట్రాలన్నిటినీ కూర్చోబెట్టి ఒప్పందం చేయించాడు. జనం దగ్గరున్న సెమీ ఆటోమేటిక్ తుపాకులు డబ్బిచ్చి కొనడానికి ఆరోగ్య బీమాకి ఆదాయంలోంచి కట్టే మెడికేర్ పన్నుని ఒక్క ఏడాదికి 0.2 శాతం పెంచారు. ఏడాదిలో ఆరున్నర లక్షల దాకా వచ్చిపడ్డాయి. ఆరున్నర లక్షలు! మేం ఒక లెక్క రోజున రెండొందలు చదివేసరికి నా గొంతు పోయేది. ఆ దేశంలో నంబర్లు చదివినవాళ్ళ గొంతులు ఏమై ఉంటాయో అని పెద్దాయన నిజంగానే దిగులుపడ్డాడు. బ్రెజిల్‌లోని రియో డి జనీరోలో 2001 జూన్‌లో ఒకే రోజు దాదాపు లక్ష తుపాకులు తొక్కించారని చదివి మాత్రం ఆయన నమ్మలేదు. తొక్కించడం నమ్మాడు, ముందు లెక్కపెట్టుకోవడానికి ఎన్నాళ్ళు పట్టి ఉంటుందో అది చెప్పమన్నాడు. అదే ఏడాది జూలై 9న ఐక్యరాజ్యసమితిలో చిన్న ఆయుధాల మీద పెద్ద సమావేశం మొదలైంది, ఆ తేదీనే ప్రపంచంలో చాలా చోట్ల తుపాకుల్ని నాశనం చేసే రోజుగా పాటిస్తారు.

కరిగించాక ఏమవ్వాలి అన్నదాంట్లో ఒక్కొక్కరిదీ ఒక్కో దారి. మెక్సికోలో పెడ్రో రేయెస్ అనే కళాకారుడు కులియకాన్ నగరంలో జనం అప్పగించిన 1,527 తుపాకుల్ని కరిగించి 1,527 పారలు చేయించాడు, చెట్లు నాటడానికి. ఎన్ని తుపాకులో అన్ని పారలు, లెక్కకి లెక్క. పెద్దాయనకి ఇది తెగ నచ్చింది. మొజాంబిక్‌లో అంతర్యుద్ధం ముగిశాక పోగైన తుపాకుల ముక్కలతో 2001లో కెస్టర్ అనే శిల్పి ఒక కుర్చీ చేశాడు, అదిప్పుడు బ్రిటిష్ మ్యూజియంలో ఉంది. దాని ఫోటో చూడగానే అందరూ అందం గురించి మాట్లాడతారు, నేను మాత్రం ఏ ముక్క ఎక్కడ కోశారా అని వెతికాను. కొలంబియాలో ఫార్క్ గెరిల్లాలు అప్పగించిన వాటిలోంచి 37 టన్నుల లోహం కరిగించి డోరిస్ సాల్సేడో అనే శిల్పి నేల పలకలు పోయించింది. యుద్ధంలో అత్యాచారాలకు గురైన ఆడవాళ్ళు సుత్తులతో రేకుల్ని కొట్టి కొట్టి చేసిన గుంటలే ఆ పలకలకి అచ్చులు. 2018లో బొగోటాలో తెరిచారు, దాని మీద జనం నడుస్తారు. ఇది చదివేనాటికి నేను పని మానేశాను. మేస్త్రి ఉండి ఉంటే ఆ అచ్చుల గురించి ఎన్ని ప్రశ్నలు వేసేవాడో.

ఇంకొకటి కూడా రాసుకున్నాను, దాన్ని తల్చుకుంటే ఇప్పటికీ ఒళ్ళు మండుతుంది. అమెరికాలో చట్టం ప్రకారం తుపాకి అంటే నంబరున్న బాడీ ఒక్కటే, గొట్టం, బోల్టు, మడమ ఇవన్నీ ఉత్త సామాను. అక్కడ పోలీసుల దగ్గర్నుంచి నాశనం చేస్తామని తీసుకున్న కంపెనీలు కొన్ని ఆ ఒక్క బాడీ మాత్రం కోసి, మిగతాదంతా కిట్లుగా కట్టి నెట్‌లో అమ్ముకున్నాయని 2023లో పేపర్లో వచ్చింది. చట్టప్రకారం తప్పేమీ లేదట. నంబరు ఒక్కటే చూస్తే ఇదే గతి. ఆ పాఠం మాకు అంతకు చాలా ముందే వచ్చింది, మరోలా.

ఆ రోజు లిస్టులో 212 ఉన్నాయి. పొద్దున్న నుంచి సాయంత్రం దాకా చదివాం, కోశాం, ముక్కలు డ్రమ్ముల్లో వేశాం. చివరికి టిక్కులు చూస్తే 211. ఒక లైను ఖాళీ. నంబరు 20917 అని గుర్తు. పెద్దాయన మొహం మాడిపోవడం నేను చూడటం అదే మొదటిసారి. గేటుకి తాళం వేశారు. వ్యాన్ వెతికారు, పెట్టెలు తిరగేశారు, నీళ్ళ తొట్టి తోడేశారు. లేదు. రాత్రి పదకొండయింది. ఇక అందరూ ఒకళ్ళ మొహం ఒకళ్ళు చూసుకోవడం మొదలైంది, అసలు టెన్షన్ అప్పుడు. ఒక హెల్పర్ కుర్రాడు ఉండేవాడు, చేరి నెల కూడా కాలేదు, పద్దెనిమిది పందొమ్మిదేళ్ళుంటాయి. మధ్యాహ్నం వాడు షెడ్డు వెనక్కి వెళ్ళాడు అని ఎవరో అన్నారు. ఎవరన్నారో నాకు తెలుసు, ఇక్కడ రాయను. నలుగురు చుట్టూ చేరి వాణ్ణి చొక్కా విప్పమన్నారు. తర్వాత ప్యాంటు. మూరెడు గొట్టాలున్న తుపాకిని వాడు ఒంటి మీద ఎక్కడ దాస్తాడని ఎవరూ ఆలోచించలేదు. వాడు నా వైపు చూశాడు. వాడు వెనక్కి వెళ్ళింది నేను సుద్దముక్కలు తెమ్మంటేనే. ఆ మాట నేను అన్నాను గానీ, చాలా ఆలస్యంగా, చాలా మెల్లగా అన్నాను.

రెండు దాటాక పెద్దాయన లేచాడు. డ్రమ్ములన్నీ నేల మీద కుమ్మరించమన్నాడు. బాడీల ముక్కలు ఒక పక్క, గొట్టాల ముక్కలు ఒక పక్క పేర్చాం. బాడీలు 211, గొట్టాలూ 211 తుపాకులవే. అంటే ఏదీ పోలేదు, అసలు వచ్చిందే 211. మరి 212 ఎలా రాశారు? ఆయన కళ్ళజోడు తీసి తుడుచుకుని "ఒరేయ్, ఇన్నాళ్ళూ బాడీ మీద నంబరే చదివాం. ఇవాళ గొట్టం నంబరు కూడా చదవరా" అన్నాడు. డబుల్ బ్యారెల్ గొట్టాలకి అడుగున, బాడీలో కూర్చునే చోట, విడిగా నంబరు కొట్టి ఉంటుంది. మామూలుగా రెండూ ఒకటే. టార్చిలైటు పెట్టుకుని, మసి తుడుచుకుంటూ ఒక్కొక్కటే చదివాను. అరిగిపోయిన చోట పల్చటి కాగితం పెట్టి పెన్సిల్‌తో రుద్దితే, నాణెం మీద రుద్దినట్టు, అంకెలు తేలతాయి. ఎనభై ఏడోదో ఎనభై ఎనిమిదోదో గుర్తులేదు, కాగితం మీద మా ఖాళీ లైను నంబరు తేలింది.

జరిగిందేమిటంటే, ఆ తుపాకికి ఎప్పుడో ఎవరో వేరే తుపాకి గొట్టాలు అరగదీసి బిగించుకున్నారు. పట్టుబడ్డప్పుడు రెండుగా విప్పి ఉంది. బాడీ ఒక మూటలో, గొట్టాలు ఇంకో మూటలో. రాసుకున్నవాళ్ళు ఒక్కో మూటకి ఒక్కో నంబరు వేసి రెండు తుపాకులుగా ఎక్కించారు. తర్వాత ఎప్పుడో ప్రాపర్టీ గదిలో ఎవరో చూసి, అరె ఇవి రెండూ కలుస్తున్నాయే అని బిగించి ఒకటి చేసి పెట్టారు. తుపాకి ఒకటైంది, రిజిస్టర్లో మాత్రం రెండు లైన్లు అలాగే ఉండిపోయాయి. పెద్దాయన తెల్లవారుజామున పంచనామా తిరగరాసి, సాక్షుల సంతకాలు తీసుకున్నాక కానీ కూర్చోలేదు. ఆ రోజు నుంచి మా దగ్గర ప్రతి తుపాకికీ రెండు చదువులు, బాడీ నంబరు, గొట్టం నంబరు. పని రెట్టింపైందని సణిగినవాళ్ళలో నేనూ ఉన్నాను.

కుర్రాడికి ఎవరూ సారీ చెప్పలేదు. "పోనీలేరా, దొరికింది కదా" అని భుజం తట్టారు. మర్నాడు రాలేదు. నాలుగో రోజు వచ్చి జీతం అడిగాడు. మేస్త్రి ఇచ్చాడు, పైన ఇంకొంచెం కలిపి. వాడు అక్కడే నిలబడి నోట్లు ఒకసారి లెక్కపెట్టాడు, మళ్ళీ ఇంకోసారి లెక్కపెట్టాడు, ఎక్కువున్న నోటు బల్ల మీద పెట్టేశాడు. నా వైపు చూసి "కరెక్ట్" అని వెళ్ళిపోయాడు.

మేస్త్రి పోయి తొమ్మిదేళ్ళయింది. పెద్దాయన ఉన్నాడు, చూపు బాగా మందగించింది, కళ్ళజోడు తాడు మాత్రం అదే. వీడియో చూసిన మర్నాడు వెళ్ళి కలిశాను. ఫోన్లో చూపిస్తే ఆయనకి కనపడలేదు, అందుకని నేనే చెబుతూ పోయాను, రోలర్ వచ్చింది, గొట్టాలు వంగాయి, బోల్టులు అలాగే ఉన్నాయి అని. అంతా విని "నంబర్లు ఎవరైనా చదువుతున్నారా?" అని అడిగాడు. లేదన్నాను. కాసేపు ఊరుకుని, "ఆ రాత్రి నంబరు గుర్తుందా?" అన్నాడు. ఏ రాత్రి అని నేను అడగలేదు.

"20917."

"ఏడు కాదురా. ఒకటి. 20911."

ఏడే అన్నాను. ఒకటే అన్నాడు. ఇద్దరం అలా కాసేపు వాదించుకున్నాం, పాతరోజుల్లోలాగే, ఆయన కోడలు లోపలి నుంచి తొంగి చూసేదాకా. తర్వాత ఆయన "ఆ కుర్రాడి పేరేంటి?" అన్నాడు. నాకు రాలేదు. ఆయనకీ రాలేదు. సుబ్బుతో మొదలవుతుందా అన్నాడు, కాదేమో అన్నాను. మేస్త్రికి తెలిసేది.

ఇంటికొచ్చి అటక మీంచి నోట్‌బుక్ దింపాను. ఆ రాత్రి పేజీ దొరికింది, పెన్సిల్ రుద్దిన కాగితం కూడా మడత పెట్టి అందులోనే ఉంది కానీ చెరిగిపోయి బూడిదరంగు మరకలా అయింది. కింద నా చేత్తో నంబరు రాసి ఉంది. నా రాతలో ఒకటీ ఏడూ ఒకేలా ఉన్నాయి. పేజీ తిప్పి వెనకా ముందూ నాలుగు పేజీలు చూశాను, కుర్రాడి పేరు ఎక్కడా రాసుకోలేదు.